మాకు లాక్‌డౌన్ హాయిగా గడిచిందని ఎవరు చెప్పారు?

సంపాదకులకు నమస్కారం.

మహమ్మారి రోజులను గుర్తు చేసుకుంటూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. చాలావరకు బాగుంది. ఒక్క వాక్యం మాత్రం గొంతులో ముల్లులా గుచ్చుకుంది. ఆటిజం ఉన్నవాళ్లకి ఒంటరితనం అలవాటే కాబట్టి లాక్‌డౌన్ వాళ్లని పెద్దగా ఇబ్బంది పెట్టి ఉండదని రాశారు. రాసినవారు ఆటిజం ఉన్న ఒక్క మనిషినైనా అడిగి రాసినట్టు నాకు అనిపించలేదు.

నాకు ఆటిజం ఉంది. ముప్పై దాటాక గానీ తెలియలేదు. నా తమ్ముడికీ ఉంది, వాడి సంగతి చిన్నప్పుడే తెలిసింది. వాడు చాలా తక్కువ మాట్లాడతాడు. నేను ఒక కంపెనీలో లెక్కలు సరిచూసే పని చేస్తాను. ఒకే ఇంట్లో ఉంటూ ఆ రోజుల్ని మేమిద్దరం రెండు రకాలుగా గడిపాం. ఉత్తరం కాస్త పెద్దదే అవుతుంది. చోటు లేకపోతే నా గురించి రాసింది తగ్గించండి గానీ తమ్ముడి సంగతి మాత్రం కత్తిరించకండి.

ఆ వాక్యంలో కొంచెం నిజం లేకపోలేదు. మొదట్లో నాకు ప్రాణం లేచొచ్చినట్టే అయింది. చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చేవాళ్లు లేరు. కనపడగానే చెయ్యి చాచేవాళ్లు, మాట్లాడుతూ మాట్లాడుతూ భుజం తట్టేవాళ్లు లేరు. ఆఫీసులో నా కుర్చీకి సరిగ్గా పైన ఒక ట్యూబ్‌లైటు ఉంది. అది రోజంతా సన్నగా గుయ్‌మంటూ ఉంటుంది. పక్కవాళ్లెవరికీ వినపడని ఆ చప్పుడు సాయంత్రానికి నాకు తలనొప్పి తెచ్చేది. ఇంటి నుంచి పని అనేసరికి ఆ బాధ తప్పింది. ఇక వరసలో నిలబడాల్సిన ప్రతిచోటా నేల మీద గుండ్రాలు గీశారు కదా! ముందున్న మనిషికి మరీ దగ్గరగా జరిగానా, మరీ దూరంగా ఉండిపోయానా అని చిన్నప్పటి నుంచి టెన్షన్ పడేదాన్ని. ఆ గుండ్రాలు వచ్చాక ఎక్కడ నిలబడాలో వెతుక్కునే పని లేకపోయింది. మాస్కు వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. "ఏంటమ్మా, ముఖం అలా పెట్టావ్, కాస్త నవ్వొచ్చుగా" అనేవాళ్లు తగ్గారు.

అయితే ఈ హాయి ఒంటరిగా ఉండటం వల్ల వచ్చింది కాదు. తర్వాత ఏం జరగబోతోందో, నేనేం చెయ్యాలో ముందే తెలియడం వల్ల వచ్చింది. ఆ తెలియడం కాస్తా పోయాక మా బతుకు అస్తవ్యస్తమైంది. మీ వ్యాసంలో లేనిది ఇదే.

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ని మహమ్మారిగా ప్రకటించింది. ఆ తర్వాత రూల్స్ రోజుకో తీరుగా మారాయి. రాత్రి చెప్పినది తెల్లారేసరికి ఉండేది కాదు. "అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దు" అన్నారు. అత్యవసరం అంటే ఏమిటి? చదువుకునే బల్లమీది బల్బు పోతే అది అత్యవసరమేనా? చాలామంది ఇలాంటి మాటని తమకి తోచినట్టు సర్దుకుని పని కానిచ్చేస్తారు. నాకు అది చేతకాదు. "వీలైనంత దూరం పాటించండి" అన్న బోర్డు చూస్తే కాళ్లు ఆడేవి కావు, "రెండు మీటర్లు" అన్న బోర్డు చూస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని. చేతులు ఇరవై సెకన్లు కడగమంటే సరిగ్గా ఇరవై లెక్కపెట్టి కడిగేదాన్ని, మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని. వేళ్ల సందుల్లో చర్మం పగిలి మండేది. అలాంటి నా ఎదురుగా మాస్కుని గడ్డం కిందకి లాక్కుని తుమ్మే మనిషి కనపడితే ఆ రోజంతా ఇంకో పని చెయ్యలేకపోయేదాన్ని. రూలు అందరికీ ఒకటే అని చెప్పి, కొందరికి దాన్నుంచి సెలవు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మాస్కు పెట్టుకోవడం ఇష్టం లేక ఇదంతా చెప్పడం లేదు. రూలు పట్టుకుంటే నా అంత గట్టిగా పట్టుకునేవాళ్లు తక్కువ. కానీ మాస్కు లోపలి వైపు, ముక్కు దగ్గర ఒక కుట్టు ఉంటుంది చూశారా? దాని దారం కాస్త పైకి తేలి ఉంటుంది. మీకు అది కాసేపటికి అలవాటైపోతుంది. నాకు అలవాటవదు. మొదటి నిమిషంలో ఎంత గుచ్చుకుంటుందో రెండో గంటలోనూ అంతే గుచ్చుకుంటుంది. చెవుల వెనక ఎలాస్టిక్ రాసుకుంటూ ఉంటే ఎదుటివాళ్లు చెప్పేది చెవిలో పడుతుంది గానీ బుర్రలోకి వెళ్లదు. పైగా మాట వినేటప్పుడు పెదాల కదలిక చూస్తానని, అది కనపడకపోతే సగం మాటలు జారిపోతాయని ఆ రోజుల్లోనే తెలిసింది. కౌంటర్ దగ్గర అద్దం అడ్డు, దాని వెనక మాస్కు, నా వెనక వరస. రెండోసారి "ఏమన్నారు?" అని అడిగితే "చెవులు పనిచెయ్యవా?" అనే కసురు. చివరికి అమ్మ పాత బనీను గుడ్డతో, లోపల కుట్టు తగలకుండా మాస్కులు కుట్టింది. జుట్టుకి పెట్టుకునే బ్యాండుకి రెండు వైపులా గుండీలు కుట్టి ఎలాస్టిక్ వాటికి తగిలించింది. చెవులకి విముక్తి. అప్పటి నుంచి పెద్ద ఇబ్బంది లేకుండా గంటల తరబడి పెట్టుకోగలిగాను. "అందరూ పెట్టుకోవట్లేదా, నీకే వచ్చిందా" అని ఊరుకుని ఉంటే నేను ఇల్లు కదిలేదాన్ని కాదు.

ఇప్పుడు తమ్ముడి సంగతి.

వాడు రోజూ సాయంత్రం ఐదున్నరకి గేటు దాటి, ఎడమకి తిరిగి, నీళ్ల ట్యాంకు దాకా నడుస్తాడు. ట్యాంకు చుట్టూ ఉన్న ఇనుప కమ్మీలని ఒక్కొక్కటే తాకి వెనక్కి వస్తాడు. ఎండైనా వానైనా అంతే. ఆ నడక అయితేనే వాడికి రాత్రి నిద్ర పడుతుంది. లాక్‌డౌన్ పెట్టిన మర్నాడు కూడా ఐదున్నరకి బూట్లు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. తలుపు తియ్యలేదు. టీవీలో పొద్దస్తమానం వినపడే "ఇంట్లోనే ఉండండి, క్షేమంగా ఉండండి" అన్న మాట అప్పటికే వాడికి కంఠతా వచ్చేసింది. న్యూస్ చదివే ఆమె గొంతులో ఏ రాగం ఉంటుందో అదే రాగంతో ఆ మాట అంటూ గేటు పట్టుకుని ఊపేవాడు. తెలియనివాళ్లు చూస్తే, వీడికి రూలు బాగానే తెలుసు, కావాలనే మొండికేస్తున్నాడు అనుకుంటారు. అనుకున్నారు కూడా. కంగారు ఎక్కువైనప్పుడు చెవిన పడిన మాటనే పట్టుకుని మళ్లీ మళ్లీ అనడం వాడి పద్ధతి. "ఇంట్లోనే ఉండండి" అని వాడు అన్నప్పుడల్లా మాకు అర్థమైంది ఒకటే: నన్ను బయటికి పంపండి.

అమ్మ అట్టముక్కల మీద బొమ్మలు గీసింది. ట్యాంకు బొమ్మ మీద అడ్డగీత, మెట్ల బొమ్మ పక్కన టిక్కు. కొన్నాళ్లకి ఐదున్నరకి మెట్లెక్కి దిగడానికి ఒప్పుకున్నాడు. కానీ వాడికి కావలసింది ఎప్పటిదాకా అన్నది. క్యాలెండర్లో తేదీ చుట్టూ ఎర్ర గీత గీసి, ఆ రోజు ట్యాంకు దగ్గరికి వెళ్దాం అని చూపించాం. గడువు పొడిగించారు. ఎర్ర గీత కొట్టేసి ఇంకో తేదీకి గీశాం. మళ్లీ పొడిగించారు. రెండోసారి కొట్టేస్తుంటే వాడు క్యాలెండర్ లాక్కుని చింపేశాడు. ఆ రాత్రి మణికట్టు కొరుక్కుని రక్తం తెచ్చుకున్నాడు. వాడి కోపంలో అన్యాయమేమీ లేదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది.

ఇలాంటివాళ్లకి నడక మందు లాంటిదేనని కొన్ని దేశాలు త్వరగానే గుర్తించాయి. స్పెయిన్‌లో 2020 మార్చిలో కఠినమైన ఆంక్షలు పెట్టిన కొద్ది రోజులకే, ఆటిజం ఉన్నవాళ్లు తోడు మనిషితో బయటికి వెళ్లవచ్చని మినహాయింపు ఇచ్చారు. ఏప్రిల్ 2న, ప్రపంచ ఆటిజం అవగాహన దినం రోజున, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అలాంటి సడలింపే ప్రకటించారు. బ్రిటన్‌లో రోజుకి ఒక్కసారే వ్యాయామానికి బయటికి రావాలన్న రూలు ఉండేది. ఆటిజం వల్ల అవసరమున్నవాళ్లు ఒకటి కంటే ఎక్కువసార్లు రావచ్చని ఏప్రిల్ 8న సవరించారు, అదీ కోర్టుకి వెళ్తామని నోటీసులు ఇచ్చాక.

కాగితం మీద మినహాయింపు రాగానే అయిపోలేదు. స్పెయిన్‌లో ఆటిజం ఉన్న పిల్లల్ని తీసుకుని వీధిలోకి వచ్చిన తల్లుల్ని బాల్కనీల్లోంచి తిట్టారు. తిట్లు తప్పించుకోవడానికి కొన్ని కుటుంబాలు చేతికి నీలం పట్టీ కట్టుకోవడం మొదలుపెట్టాయి. మా హక్కు వాడుకోవడానికి మేమెందుకు గుర్తు తగిలించుకుని తిరగాలి అని ఇంకొందరు ఒప్పుకోలేదు. నాకు ఆ ఒప్పుకోనివాళ్ల మాటే నచ్చుతుంది. కానీ మా తమ్ముణ్ణి మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు, ఎదురింటి పైఅంతస్తు నుంచి ఎవరో ఫోనులో వీడియో తీస్తుంటే, ఒక నీలం పట్టీ ఉంటే బాగుండేదని మనసులో అనిపించిన మాట నిజం.

వాడికి పాఠాలు చెప్పే టీచరమ్మ ఉన్నట్టుండి రావడం మానేసింది. ఎందుకో వాడికి ఎలా చెప్పాలి? కొన్నాళ్లకి ల్యాప్‌టాప్‌లో కనపడింది. వాడు ఆమెని చూసి సంతోషంగా లేచి, ల్యాప్‌టాప్ వెనక్కి వెళ్లి వెతికాడు. గోడ కనపడింది. మళ్లీ ముందుకొచ్చి చూశాడు, మళ్లీ వెనక్కి వెళ్లాడు. తర్వాత ల్యాప్‌టాప్ మూత వేసేశాడు. ఆన్‌లైన్ క్లాసులు కొందరు పిల్లలకి బడి కంటే మేలు చేశాయని విన్నాను, నమ్ముతాను కూడా. గోల ఉండదు, ఏడిపించేవాళ్లు ఉండరు. వాడికి మాత్రం ఆ కాలమంతా చదువు లేనట్టే. అతికష్టం మీద నేర్చుకున్న చిన్న చిన్న పనులు, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటివి, చాలా పోయాయి. చివరికి టీచరమ్మ మాస్కుతో వచ్చినప్పుడు గుర్తుపట్టక గదిలోకి పారిపోయాడు.

ఆగిపోయిన వాటిలో నాది కూడా ఒకటుంది. నాకు ఆటిజం ఉందేమోనని అనుమానం వచ్చి, తేల్చే పరీక్షలకి అపాయింట్‌మెంట్ తీసుకున్నది 2020 వసంతంలోనే. చాలాచోట్ల వాడే అడోస్ అనే పరీక్షలో ఎదురుగా కూర్చున్న మనిషి ముఖకవళికలు, చూపు, పలకరింపుకి స్పందన గమనిస్తారు. ఇద్దరూ మాస్కులు పెట్టుకుని చేస్తే ఆ పరీక్ష ఫలితం చెల్లదని దాన్ని ప్రచురించే సంస్థే చెప్పింది. దాంతో ఎన్నో దేశాల్లో నాలాంటివాళ్లు వరసలో ఉండిపోయారు. వరసలో ఉన్నంతకాలం చేతిలో కాగితం ఉండదు, కాగితం లేకుండా ఆఫీసులో ఏది అడిగినా అది గొంతెమ్మ కోరికే.

ఆ మధ్యలో తమ్ముడికి జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో వెంట ఎవరూ ఉండకూడదన్నారు. నొప్పి ఎక్కడో చెప్పలేని మనిషిని, సూది చూస్తే గోడకి తల కొట్టుకునే మనిషిని ఒంటరిగా ఎలా వదలాలి? నేను ఒక కాగితం నిండా రాసి ఇచ్చాను. నొప్పి అని నోటితో అనడు. చల్లటి నేల మీద పడుకుంటే కడుపునొప్పి. చెవి మీద కొట్టుకుంటే తలనొప్పి. వెనక నుంచి ముట్టుకోవద్దు. ఏం చేసినా ముందు పది దాకా లెక్కపెట్టి చెయ్యండి. ముక్కులోంచి శాంపిల్ తియ్యడానికి వచ్చిన నర్సమ్మ ఆ కాగితం మొత్తం చదివింది. కొత్త స్వాబ్ ఒకటి తీసి తన ముక్కు దగ్గర పెట్టుకుని చూపించింది, తర్వాత వాడి చెయ్యి మీద ఆనించింది, తర్వాత పది లెక్కపెట్టింది. వాడు కదల్లేదు. ఎంతసేపు పట్టిందని ఎవరైనా అడిగితే, నలుగురు గట్టిగా పట్టుకుని తీసేదాని కంటే తక్కువే. ఆ తర్వాత అమ్మని లోపలికి రానిచ్చారు, అదీ ఆ నర్సమ్మ అడిగితేనే.

ఆ రోజుల్లో మాకున్న భయం ఇంకోటి ఉంది, పైకి అనలేదు. బ్రిటన్‌లో 2020 మార్చిలో, ఎవరికి ఐసీయూ చికిత్స ఇవ్వాలో తేల్చడానికి, రోగి రోజువారీ పనులకి ఎంతవరకు ఇతరుల మీద ఆధారపడతాడో చూసి మార్కులు వేసే ఒక కొలతని నైస్ అనే ప్రభుత్వ సంస్థ సూచించింది. ఆ లెక్కన మా తమ్ముడు వయసులో కుర్రాడైనా, ఊపిరితిత్తులు ఉక్కులా ఉన్నా, వెనక వరసలోకి పోతాడు. కుటుంబాలు, సంఘాలు గోల చేశాక మార్చి 25న ఆ సంస్థ దాన్ని సవరించి, ఆటిజం ఉన్నవాళ్లకి ఆ కొలత వాడకూడదని స్పష్టంగా రాసింది. ఎక్కడో దూరదేశంలో వచ్చిన ఆ వార్త అమ్మకి చదివి వినిపించలేదు, సవరించాక మాత్రం వినిపించాను.

తర్వాత నాకూ కొవిడ్ వచ్చింది. ఒంట్లో ఏం జరుగుతోందో నాకు ఆలస్యంగా తెలుస్తుంది, ఆకలైనా జ్వరమైనా. ఫోనులో డాక్టరుగారు "ఊపిరి ఆడటం కష్టంగా ఉందా?" అని అడిగారు. కష్టం అంటే ఎంత? మామూలుగా ఎంత ఉంటుందో తెలిస్తే కదా చెప్పడానికి! వేలికి తగిలించే ఆక్సీమీటర్ నన్ను కాపాడింది. అది అంకె చూపిస్తుంది, అంకె పంపితే వాళ్లకి అర్థమవుతుంది. వాసన పోయింది. దాని గురించి అందరూ బాధగా చెబుతారు. నాకు మొదటి రెండు రోజులు పండగలా గడిచింది. శానిటైజర్ ఘాటు లేదు, ఫినాయిల్ లేదు, లిఫ్టులో ఎవరి సెంటూ లేదు. మూడో రోజు అమ్మ పక్కన కూర్చుంటే అమ్మ చీర వాసన లేదు. అప్పుడు ఏడ్చాను.

ఉద్యోగం గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. మహమ్మారికి ముందు వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని అడిగాను. మన పని అలా కుదరదన్నారు. ఫోను బదులు మెసేజ్‌లో చెప్పండి అని అడిగాను. అంత టైమ్ ఎవరికుందన్నారు. లాక్‌డౌన్ వచ్చాక కంపెనీ మొత్తం ఇంటికి మారడానికి వారం కూడా పట్టలేదు. వీడియో మీటింగులు నాకు సుఖమేమీ కాదు. పదిమంది ముఖాలు ఒకేసారి, వాటి మధ్య నా ముఖం, మాటకీ పెదాలకీ పొంతన లేకపోవడం, ఎవరు ఎప్పుడు ఆగుతారో తెలియక నేను నోరు తెరిచేసరికి ఇంకొకరు మొదలుపెట్టడం. కానీ పక్కనే చాట్ ఉంది. మీటింగుల్లో ఎన్నడూ నోరు విప్పనిదాన్ని అందులో రాయడం మొదలుపెట్టాను. ఒక పెద్ద లెక్కలో తప్పు పట్టుకుని అక్కడే రాస్తే, "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అన్నారు మేనేజరుగారు. ఇన్నాళ్లూ అడిగిన తీరులో చెప్పలేకపోయాను సార్, అంతే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. మా ఆఫీసు అంతకంటే ముందే అందరినీ వెనక్కి పిలిచింది. ఈసారి నా చేతిలో డాక్టరు కాగితం ఉంది. అయినా వచ్చిన జవాబు పాతదే: మన పని అలా కుదరదు. రెండేళ్లు కుదిరింది కదా అంటే, అప్పుడు వేరు అన్నారు. ఏమిటా వేరు? అప్పుడు ఆ అవసరం అందరిదీ. నేల మీది గుండ్రాలు చెరిగిపోయాయి. డాక్టర్ల దగ్గర మెసేజ్ పెట్టి టైమ్ తీసుకునే పద్ధతి పోయి, మళ్లీ ఫోనే చెయ్యమంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021 నాటికి 127 మందిలో ఒకరికి ఆటిజం ఉంది. వీటిలో ఏది ఉంచినా మిగతా 126 మందికి వచ్చే నష్టమేమిటో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

కాబట్టి ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, బళ్లలో ఉన్నవాళ్లని అడిగేది ఇంతే. ఏదైనా మార్చే ముందు చెప్పండి, రాసి చెప్పండి, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్నది వెయ్యండి. తేదీ మీకూ తెలియకపోతే తెలియదనే రాయండి, తెలిసినట్టు ఒక తేదీ ఇచ్చి కొట్టేయకండి. మాటలు రాని మనిషి వెంట వచ్చినవాళ్లని ఆస్పత్రిలో బయట నిలబెట్టకండి. మరోసారి ఇలాంటి రోజులు వస్తే, మినహాయింపులేమిటో మొదటి రోజే ప్రకటించండి, గేటు దగ్గర నిలబడే కాపలా మనిషికీ చెప్పండి.

మీ పత్రికకి కూడా ఒక మనవి. పాఠకులు సంప్రదించడానికి చివరి పేజీలో ఫోన్ నంబరు మాత్రమే వేస్తున్నారు. అక్కడ ఒక ఈమెయిల్ కూడా ఇస్తే నాలాంటివాళ్లు ఇంకొందరు రాస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు
(పేరు వెయ్యవద్దని కోరిక. ఆఫీసులో నా సంగతి అందరికీ తెలియదు.)